పవర్ విండో స్విచ్ మార్చాలా? డోర్ ప్యాడ్ మీద చెయ్యి వేసే ముందు ఈ వీడియో చూడండి

అందరికీ నమస్కారం అండీ. ఈ రోజు మన ముందున్నది పదేళ్ళు దాటిన ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు. డ్రైవర్ పక్క గ్లాసు కిందకి హాయిగా దిగుతోంది, పైకి మాత్రం రావట్లేదు. స్విచ్ గట్టిగా లాగి పట్టుకుంటే ఎప్పుడో ఒకసారి కాస్త కదులుతోంది. డోర్ ప్యాడ్, అంటే డోరుకి లోపలి వైపున్న కవరు, విప్పుదాం, స్విచ్ మారుద్దాం, మళ్ళీ బిగిద్దాం. విప్పడం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఎక్కువసేపు మాట్లాడబోయేది బిగించడం గురించి. ఎందుకంటే స్విచ్ మార్పించుకున్నాక డోరు టకటక కొట్టుకుంటోందనీ, మొదటి వాన పడగానే కాళ్ళ కింద మ్యాట్ తడిసిపోతోందనీ చెప్పే వాళ్ళు ఎంతమందో. అలా కాకుండా చేసుకోవడం మన చేతిలో పనే.

ముందు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి. అసలు పోయింది స్విచ్చేనా? అది తేల్చుకోకుండా ప్యాడ్ విప్పొద్దు.

పవర్ విండో మోటారుకి వచ్చేవి మామూలుగా రెండే వైర్లు. స్విచ్ ముట్టుకోనప్పుడు ఆ రెండూ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. పైకి లాగితే ఒక వైరుకి 12 వోల్టులు అందుతాయి, రెండోది ఎర్త్‌లోనే ఉంటుంది. కిందకి నొక్కితే అదే తిరగబడుతుంది. అంటే పైకి వెళ్ళేటప్పుడూ, కిందకి దిగేటప్పుడూ వాడేది అవే రెండు వైర్లు, అదే మోటారు, అదే ఫ్యూజు. ఇప్పుడు మన కారు చూడండి. గ్లాసు దిగుతోంది కదా, అంటే ఫ్యూజు బాగుంది, వైర్లు బాగున్నాయి, మోటారు తిరుగుతోంది. పైకి ఒక్కటే రావట్లేదంటే అనుమానం స్విచ్ లోపలి కాంటాక్టు మీదకే పోతుంది.

కానీ ఇంకొక్క అనుమానం మిగిలే ఉంది. గ్లాసు దిగడానికి దాని బరువే సాయం చేస్తుంది, ఎక్కడానికి మోటారే మొత్తం మొయ్యాలి. గ్లాసు జారే రబ్బరు ఛానల్ ఎండి బిగుసుకుపోయినా సరిగ్గా ఇలాగే అవుతుంది. రెంటికీ తేడా తెలుసుకోవడానికి ఏ మీటరూ అక్కర్లేదు. ఇంజన్ ఆపి, కీ ఆన్‌లో పెట్టి, లోపలి రూఫ్ లైటు వెలిగించండి. సాయంత్రం చీకట్లో చేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఇప్పుడు స్విచ్ పైకి లాగండి. లైటు కొంచెం మసకబారిందా, అయితే కరెంటు మోటారుకి వెళ్తోంది, గ్లాసే కదలలేకపోతోంది. స్విచ్ మార్చి లాభం లేదు, ఛానల్ సంగతి చూడాలి. లైటు ఏమీ చలించకపోతే కరెంటు స్విచ్ దాటట్లేదని అర్థం. ఇక్కడ చూస్తున్నారు కదా, లాగుతున్నాను, లైటు అలాగే ఉంది. కిందకి నొక్కగానే చూడండి, సన్నగా తగ్గింది. కాబట్టి ఇది స్విచ్చే.

పక్క సీటు గ్లాసో, వెనక గ్లాసో పనిచేయకపోతే లెక్క కొంచెం మారుతుంది. చాలా కార్లలో వాటి ఎర్త్ దారి డ్రైవర్ డోర్‌లో ఉన్న మెయిన్ స్విచ్ గుండానే పోతుంది. అందుకే పక్క డోర్ స్విచ్ కొత్తది వేసినా గ్లాసు కదలక, చివరికి తప్పు డ్రైవర్ వైపు మెయిన్ స్విచ్‌లో ఉందని తేలుతూ ఉంటుంది. అన్నిటికంటే ముందు విండో లాక్ బటన్ చూసుకోండి. పిల్లలున్న ఇంట్లో అది ఎప్పుడో ఎవరో నొక్కేసి ఉంటారు. రెండోది, డోర్‌కీ బాడీకీ మధ్య మడతలు మడతలుగా రబ్బరు గొట్టం ఉంటుంది. డోరు తీసీ వేసీ అందులో వైర్లు తెగుతాయి. డోర్ ఒక కోణంలో ఉన్నప్పుడు పనిచేసి, ఇంకో కోణంలో ఆగిపోతోందంటే స్విచ్‌ని వదిలేసి ఆ గొట్టం విప్పి చూడండి.

ఇంతకీ ఈ స్విచ్చులు ఎందుకు పోతాయి? గ్లాసు నడిచేటప్పుడు మోటారు సుమారు 5 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది. గ్లాసు చివరికి చేరి ఆగిపోయాక కూడా మనం స్విచ్ పట్టుకునే ఉంటే అది 20 కూడా దాటొచ్చు. పాత తరహా కార్లలో ఆ కరెంటు అంతా మీ వేలి కింద ఉన్న చిన్న రాగి కాంటాక్టు మీదుగానే పోతుంది. వేలు తీసిన ప్రతిసారీ అక్కడ చిన్న నిప్పురవ్వ లేస్తుంది. కాంటాక్టు నల్లబడుతుంది, కార్బన్ పడుతుంది, వేడెక్కుతుంది. డ్రైవర్ పక్క స్విచ్చే ముందు పోవడానికి కారణం వాడకమే. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి కాకముందు ప్రతి టోల్‌గేటు దగ్గరా దించింది ఆ గ్లాసే కదా.

నీళ్ళు రెండో శత్రువు. వానలో గ్లాసు దించి డబ్బులిస్తాం, చినుకులు నేరుగా స్విచ్ మీద పడతాయి. చేతిలో టీ ఒలుకుతుంది. గ్లాసులకి ఫిల్మ్ వేసేవాళ్ళు సబ్బునీళ్ళు కొడతారు, అవి కారుకుంటూ ఆర్మ్‌రెస్ట్ మీదకే దిగుతాయి. ఫిల్మ్ వేయించేటప్పుడు స్విచ్ మీద ఎండు తువ్వాలు కప్పమని పక్కనే నిలబడి చెప్పండి, మొహమాట పడొద్దు.

స్విచ్ గరగరమంటోందని చాలామంది సందులోంచి ఏదో ఒక స్ప్రే కొట్టేస్తుంటారు. దయచేసి ఆ పని చేయొద్దండీ. ఇది నా సొంత అభిప్రాయం కాదు. 2012 అక్టోబరులో టయోటా సంస్థ ప్రపంచవ్యాప్తంగా 74 లక్షలకు పైగా కార్లని వెనక్కి పిలిచింది. సమస్య డ్రైవర్ డోర్‌లోని ఈ స్విచ్చే. లోపల గ్రీజు సమంగా పడకపోవడంతో స్విచ్ పట్టేసినట్టు అయ్యేది. అప్పుడు ఆ కంపెనీ స్పష్టంగా హెచ్చరించింది, బజారులో దొరికే లూబ్రికెంట్లు సొంతంగా వేసుకోవద్దు, వేస్తే స్విచ్ కరిగి పొగ వచ్చి మంటకు దారితీయొచ్చు అని. అంతకుముందు 2010 జనవరిలో హోండా 6 లక్షలకు పైగా జాజ్, ఫిట్, సిటీ కార్లని పిలిపించింది. అక్కడ కారణం స్విచ్‌లోకి నీళ్ళు దిగడం. మన దేశంలో అమ్మిన సిటీ కార్లు కొన్ని కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 2015లో టయోటా మళ్ళీ ఇదే స్విచ్ కోసం ఇంకో 65 లక్షల కార్లని పిలవాల్సి వచ్చింది. పెద్ద పెద్ద కంపెనీలే ఇంత జాగ్రత్త పడ్డ వస్తువు ఇది. మీది పాత కారైతే, కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొట్టి ఇలాంటి రీకాల్ ఏమైనా పెండింగ్ ఉందేమో చూడండి. ఉంటే డబ్బు కట్టక్కర్లేదు. స్విచ్ కాలిన వాసన వస్తున్నా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా రేపటికి వాయిదా వేయొద్దు, ఆ కారు బయటికి తీయొద్దు.

సరే, పనిలోకి దిగుదాం. గ్లాసు వీలైనంత పైకి ఎక్కించి పెట్టుకోండి. ఇంజన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పేయండి. 10 నంబరు స్పానర్ సరిపోతుంది. కొత్త కార్లలో డోర్ లోపల ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు కూడా ఉంటాయి, కాబట్టి టెర్మినల్ తీశాక కొన్ని నిమిషాలు ఆగండి. లోపల పసుపు రంగు కప్లర్, అంటే వైర్లని కలిపే ప్లగ్గు, కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, దాని జోలికి పోవద్దు.

ఇప్పుడు స్విచ్ ప్లేటు చూడండి. కొన్ని కార్లలో ఈ ప్లేటు ఆర్మ్‌రెస్ట్ మీద క్లిప్పులతో కూర్చుని ఉంటుంది, అంచు కింద ప్లాస్టిక్ టూల్ పెట్టి లేపితే వచ్చేస్తుంది. అలా వస్తే మీ అదృష్టం, ప్యాడ్ ముట్టుకోవద్దు. అక్కడే కప్లర్ తీసి స్విచ్ మార్చేసుకోండి. మన కారులో ప్లేటుని లోపలి వైపు నుంచి స్క్రూలతో బిగించారు. ప్యాడ్ దిగితేగానీ ఆ స్క్రూలు కనపడవు. ఇది ముందే తెలుసుకోకుండా పైనుంచి పీకితే ప్లేటు మూల విరుగుతుంది. పాత కార్ల డోర్ ప్యాడ్ల మీద కనిపించే విరుగుళ్ళలో చాలావరకు ఇలా వచ్చినవే.

స్క్రూలు దాక్కునే చోట్లు ఏ కారులోనైనా దాదాపు ఒకటే. లోపలి హ్యాండిల్ వెనక ఒక చిన్న మూత ఉంటుంది, దాని కింద ఒకటి. డోరు లాక్కోవడానికి చెయ్యి పెట్టే గుంతలో, అడుగున, ఒక్కోసారి రబ్బరు ముక్క కింద ఇంకొకటి. సైడ్ మిర్రర్ దగ్గరి త్రికోణం ప్లాస్టిక్ ముక్క ప్యాడ్ అంచుని నొక్కి పట్టి ఉంటే దాన్నీ తీయాలి. కొన్ని కార్లకి ప్యాడ్ కింది అంచున, పక్క అంచున కూడా ఉంటాయి. స్టార్ స్క్రూడ్రైవర్ సరైన సైజుది వాడండి, తల అరిగిందంటే అక్కడితో పని ఆగిపోతుంది. ప్యాడ్ కదలట్లేదంటే బలం చాలక కాదు, ఇంకో స్క్రూ మిగిలి ఉందని అర్థం. లాగడం ఆపి వెతకండి.

స్క్రూలన్నీ వచ్చాక మిగిలేవి క్లిప్పులు. కింది మూల దగ్గర మొదలుపెట్టండి. వెడల్పాటి ప్లాస్టిక్ టూల్ ప్యాడ్‌కీ రేకుకీ మధ్య దూర్చి, సరిగ్గా క్లిప్ పక్కకి తీసుకెళ్ళి తిప్పండి. టక్‌మని శబ్దం వస్తుంది. క్లిప్‌కి దూరంగా పట్టి లాగితే ప్యాడ్ వంగి, క్లిప్ కూర్చునే గూడు చిరుగుతుంది. క్లిప్ పోతే కొత్తది వస్తుంది, గూడు పోతే ప్యాడే మార్చాలి. టూల్ లేకపోతే ఫ్లాట్ స్క్రూడ్రైవర్‌కి గుడ్డ చుట్టి, రేకు మీద మాస్కింగ్ టేప్ అంటించి చేసుకోవచ్చు. పెయింట్ గీసుకుపోతే తుప్పు మొదలయ్యేది అక్కడే. అమెరికాలో, కెనడాలో ఉన్న మనవాళ్ళు చలికాలం గడ్డకట్టే చలిలో ఈ పని పెట్టుకోకండి, పాత ప్లాస్టిక్ పెళుసెక్కి పుటుక్కుమంటుంది. గ్యారేజీ కాస్త వెచ్చబడ్డాక చేయండి. అక్కడ మెయిన్ స్విచ్ ఎడమ డోర్‌లో ఉంటుంది, మిగతా పద్ధతంతా ఇదే.

క్లిప్పులన్నీ వదిలాక ప్యాడ్‌ని మీ వైపుకి లాగొద్దు. పైకి ఎత్తండి. గ్లాసు పక్కన పై అంచు రేకు మీద కొక్కెంలా తగిలి ఉంటుంది. ఎత్తగానే వదులుతుంది, కానీ ఇంకా వైర్లు, హ్యాండిల్ కేబుళ్ళు పట్టుకునే ఉంటాయి. ఒక చేత్తో ప్యాడ్ ఆనించి పట్టుకుని ముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఏ కేబుల్ పైన ఉంది, ఏది కింద ఉంది అన్నది తర్వాత గుర్తుండదు. కప్లర్ తీసేటప్పుడు నాలుక నొక్కి కప్లర్‌ని పట్టుకుని లాగండి, వైరు పట్టుకుని కాదు.

ఇదిగోండి, ఈ పలచటి ప్లాస్టిక్ షీటు. దీని గురించి ఎవరూ పట్టించుకోరు. మెకానిక్ ఒక్క ఉదుటున చింపి పక్కన పడేస్తాడు. నన్నడిగితే ఈ డోర్ మొత్తంలో ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సింది దీన్నే.

వాన నీళ్ళు డోర్ లోపలికి వెళ్ళవని చాలామంది అనుకుంటారు. వెళ్తాయి, అలా వెళ్ళేలాగే డోరుని తయారు చేస్తారు. గ్లాసు బయటి వైపు ఉన్న రబ్బరు బీడింగ్ నీటిని తుడుస్తుంది తప్ప పూర్తిగా ఆపదు. గ్లాసు మీద పడిన నీళ్ళు కొన్ని దాని వెంబడే డోర్ కడుపులోకి దిగి, అడుగున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి రోడ్డు మీదకి కారిపోతాయి. దిగే దారిలో నీటిచుక్కలు లోపలి రేకు మీదకి చిందుతాయి. ఆ రేకుకి పెద్ద పెద్ద కంతలున్నాయి, చూడండి. ఆ కంతల్లోంచి నీళ్ళు క్యాబిన్ వైపు రాకుండా ఆపేది ఈ షీటే. షీటు కింది అంచు రేకు లోపలికి మడిచి ఉంటుంది, అది గమనించండి. దాని మీద పడ్డ చుక్క జారి మళ్ళీ డోర్ కడుపులోకే పోవాలని అలా పెట్టారు.

ఇది చిరిగితే ఏమవుతుంది? నీళ్ళు ప్యాడ్ వెనక చేరతాయి. అట్టలాంటి బోర్డుతో చేసిన ప్యాడ్ అయితే ఉబ్బి, క్లిప్పుల దగ్గర ఊడొస్తుంది. నీళ్ళు అంచు దాటి మ్యాట్ కిందికి పాకుతాయి. కార్పెట్ కింద స్పాంజి ఉంటుంది, తడిసిందంటే వారాల తరబడి ఆరదు. కారులో ముక్కవాసన మొదలవుతుంది, అక్కడ వెళ్ళే వైరింగ్ కప్లర్లు పచ్చగా చిలుము పడతాయి. మీరు ఇప్పుడు వేసే కొత్త స్విచ్‌కి కూడా ఆ తేమ తగులుతుంది. వాన తర్వాత కారు లోపల తడి ఉంటే అందరూ అద్దం రబ్బర్లు మారుస్తారు, కార్పెట్ ఆరబెడతారు. గతంలో ఎప్పుడైనా ఈ డోర్ విప్పారా అని ఎవరూ అడగరు.

ఒక్క స్విచ్ కోసమే అయితే షీటు తీయాల్సిన అవసరమే లేదు. మోటారు చూడాలంటేనే తీయాలి. తీసేటప్పుడు అంచున నల్లటి జిగురు పట్టీ ఉంటుంది, మెకానిక్‌లు బ్యూటిల్ టేప్ అంటారు. కట్టర్ బ్లేడుతో ఆ జిగురుని మధ్యలో కోస్తూ, షీటు లాగకుండా వదిలించండి. మళ్ళీ అతికేటప్పుడు అదే జిగురు పనిచేస్తుంది, మట్టి అంటనివ్వకపోతే చాలు. గట్టిపడిపోయి ఉంటే కొత్త బ్యూటిల్ టేప్ వేయండి. సెల్లో టేప్, ఫెవిక్విక్ లాంటివి రెండు వానలకి నిలవవు. షీటు ముందే చిరిగి ఉంటే మందపాటి పాలిథిన్ షీటు అదే ఆకారంలో కోసి అతికించుకోవచ్చు. దానికి పెద్ద ఖర్చేం లేదు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఇక స్విచ్. ప్యాడ్ తిరగేసి స్క్రూలు విప్పితే వచ్చేస్తుంది. కొత్తది కొనేటప్పుడు చూడటానికి ఒకేలా ఉంది కదా అని తీసుకోవద్దు. పాతదాని మీద స్టిక్కర్ మీదున్న పార్ట్ నంబరు సరిపోల్చండి. ఒకే కంపెనీ, ఒకే ఆకారం, కప్లర్ కూడా దూరుతుంది, కానీ లోపల పిన్నుల వరస వేరు అనే స్విచ్చులు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో అమ్మేవాటిలో ఎడమ వైపు స్టీరింగ్ కార్లకి చేసినవి కూడా వస్తుంటాయి. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలీలోనో పాత స్విచ్ చేతిలో పట్టుకుని వెళ్ళి పక్కపక్కన పెట్టి చూసి కొనుక్కోవడం నాకైతే నచ్చుతుంది. అదే షాపులో మీ ప్యాడ్ క్లిప్ ఒకటి చూపించి కొన్ని కొత్తవి తెచ్చుకోండి. క్లిప్ మెడ దగ్గర రబ్బరు గానీ స్పాంజి గానీ వాషర్ ఉన్నవే అడగండి. ఆ వాషర్ కూడా నీళ్ళు ఆపడానికే ఉంది.

కొత్త స్విచ్ పెట్టే ముందు కప్లర్ లోపల పిన్నులు చూడండి. పచ్చగా ఉంటే ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. ఇప్పుడు ప్యాడ్ బిగించకుండానే కప్లర్ తగిలించి, బ్యాటరీ పెట్టి, అన్ని గ్లాసులూ ఎక్కించి దించి చూడండి. ఇది పాస్ అయ్యాకే ముందుకి. గ్లాసు భారంగా కదులుతోందా, అయితే రెండు పక్కలా ఉన్న రబ్బరు ఛానల్ తడిగుడ్డతో శుభ్రం చేసి, ఆరాక సిలికాన్ స్ప్రే పలచగా పట్టించండి. స్ప్రే పడాల్సింది అక్కడ, స్విచ్‌లో కాదు. ఛానల్ బిగువుగానే వదిలేస్తే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, కొత్త కాంటాక్టు కూడా పాతదాని దారే పడుతుంది.

బిగించేటప్పుడు రేకు మీద ఉండిపోయిన క్లిప్పులన్నీ ముందు ప్లాయర్‌తో తీసి ప్యాడ్ గూళ్ళలో పెట్టుకోండి. రేకులో క్లిప్ అలాగే ఉంటే ప్యాడ్ అక్కడ కూర్చోదు, గతుకుల రోడ్డు మీద వచ్చే టకటక దానివల్లే. హ్యాండిల్ కేబుళ్ళు ఫోటో చూసి తగిలించండి. ఇప్పుడు ఒక ముఖ్యమైన పని. డోరు తీసి ఉంచే, అంచున ఉన్న లాక్ నాలుకని స్క్రూడ్రైవర్‌తో నొక్కి, డోరు పడ్డట్టు లాక్ చేయండి. ఇప్పుడు లోపలి హ్యాండిల్ లాగండి, నాలుక వదలాలి. మళ్ళీ నొక్కి బయటి హ్యాండిల్ లాగండి, అప్పుడూ వదలాలి. ఈ రెండూ చూసుకోకుండా డోరు వేశారో, కేబుల్ సరిగా పడకపోతే డోరు తెరుచుకోదు. మూసిన డోర్‌కి ప్యాడ్ విప్పడం చాలా పెద్ద తలనొప్పి.

తర్వాత పై అంచు కొక్కెం తగిలించి, క్లిప్పులు రంధ్రాలకి ఎదురుగా వచ్చాయో లేదో చేత్తో తడిమి, ఒక్కో క్లిప్ మీద అరచేత్తో తట్టండి. స్క్రూలు చివర్న. ప్లాస్టిక్‌లోకి వెళ్ళే స్క్రూలు కాబట్టి ఆగినచోట ఆపేయండి. ఆటో పైకి వెళ్ళే గ్లాసులున్న కార్లలో బ్యాటరీ తీసి పెట్టాక ఆ ఆటో పనిచేయకపోవచ్చు. మామూలుగా గ్లాసు పూర్తిగా దించి, పైకి లాగి పట్టుకుని, మూసుకున్నాక కూడా కొన్ని సెకన్లు అలాగే పట్టి ఉంచితే సరవుతుంది. మీ కారు మాన్యువల్‌లో సరైన పద్ధతి రాసి ఉంటుంది. ఈ సర్దుబాటు అయ్యేదాకా చెయ్యి అడ్డమొస్తే గ్లాసు ఆగే ఏర్పాటు కూడా పనిచేయకపోవచ్చు, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఇక నీళ్ళ పరీక్ష. గ్లాసు మూసి, బయటి నుంచి మగ్గుతో రెండు మూడు సార్లు గ్లాసు మీద పోయండి. డోర్ అడుగున రంధ్రాల్లోంచి నీళ్ళు కారడం కనిపించాలి. కారకపోతే అవి మట్టితో పూడుకుపోయినట్టు, సన్నటి పుల్లతో గుచ్చి తెరవండి. కాసేపయ్యాక డోరు తీసి, ప్యాడ్ కింది అంచు, కాళ్ళ దగ్గర మ్యాట్ తడిమి చూడండి. పొడిగా ఉంటే పని అయినట్టే. తడి తగిలితే షీటు ఎక్కడో అతుక్కోలేదు, ఈ రోజే విప్పి సరిచేయండి.

వెనక డోర్లకి కూడా ఇదే వరస, స్విచ్ ఒక్కటే ఉంటుంది కాబట్టి ఇంకా తేలిక. చేతితో తిప్పే గ్లాసులున్న వెనక డోర్లయితే ఆ హ్యాండిల్ వెనక ఒక తీగ క్లిప్ ఉంటుంది, గుడ్డ ముక్క సందులో పెట్టి అటూ ఇటూ లాగితే అది ఊడొస్తుంది. మీ కారు ఏ మోడలో, ఏ సంవత్సరందో కింద రాయండి. స్క్రూలు ఎక్కడున్నాయో నాకు తెలిసినంతవరకు జవాబిస్తాను.